మీరా హుస్సేన్ బండిని ఎవరూ తొయ్యరు

అబుదాబి ఐకాడ్‌లోని లేబరు క్యాంపు పధ్నాలుగో నంబరు బస్సుకు ఒక పద్ధతి ఉండేది. సాయంత్రం సైటు దగ్గర మనుషులందరూ ఎక్కి కూర్చున్నాక డ్రైవరు తాళం తిప్పుతాడు. ఇనుము ఇనుమును గీకిన చప్పుడొచ్చి ఆగిపోతుంది. వెనక సీట్లలోని ఆరేడుగురు, ఎవరూ చెప్పకుండానే లేచి, అన్నం డబ్బాలు సీట్ల మీద పెట్టి దిగుతారు. బస్సు వెనక చేరి "ఐలెస్సా" అని ఒక్క ఊపు ఊపుతారు. బస్సు జానెడు ముందుకు జరుగుతుంది. డ్రైవరు మళ్ళీ తాళం తిప్పుతాడు. ఈసారి ఇంజను అందుకుంటుంది. దిగినవాళ్ళు ఎక్కి, ఫోనులో ఇంటివాళ్ళతో ఆపిన మాట ఆపినచోటే మొదలుపెడతారు.

ఆ జానెడు కిటుకు కనిపెట్టింది డ్రైవరు మీరా హుస్సేనే. స్టార్టరు మోటారుకు ముందొక చిన్న పళ్ళచక్రం ఉంటుంది. అది పోయి ఇంజను వెనకున్న పెద్ద పళ్ళచక్రాన్ని పట్టుకుని తిప్పితేనే బండి లేస్తుంది. ఇంజను ఆపినప్పుడల్లా పెద్ద చక్రం ఇంచుమించు అవే చోట్ల ఆగుతుంది కాబట్టి, చిన్నది ఏళ్ళ తరబడి అక్కడే కొరుకుతుంది. ఆ చోట్ల పళ్ళు అరిగిపోతాయి. పక్కవి బాగానే ఉంటాయి. బండిని గేరులో ఉంచి కాస్త జరిపితే మంచి పళ్ళు ఎదురుకొస్తాయి.

ఈ సంగతి ఆయన ఏ పుస్తకంలోనూ చదవలేదు. గూడూరులో పలుగురాయి లోడు లారీ మీద క్లీనరుగా ఎక్కిన నాటినుంచి ఆయన నేర్చుకున్నదంతా సర్దుకోవడమే. బెల్టు తెగితే తాడు, గొట్టం చిల్లిపడితే సైకిలు ట్యూబు, హారను పోతే క్లీనరు గొంతు. ముందు అజ్మాన్‌లో, తరవాత ముసఫాలో, ఎడారిలో ఇన్నేళ్ళు తిప్పినా ఆయన బస్సు దారిలో ఆగి మనుషులు నిలబడిపోయిన రోజు లేదు. మిగిలిన డ్రైవర్లు ఆయన్ని ఉస్తాద్ అనేవారు. ఆ మాట ఆయనకు బాగుండేది. బండిలో ఏదైనా పాడైతే ఆఫీసుకు చెప్పడం ఆయనకు కొంచెం నామోషీగా ఉండేది.

పాత రోజుల్లోనైతే సైటులో బండి ఆపేవాడే కాదు. పొద్దున లేపిన ఇంజను సాయంత్రం దాకా నీడలో గుర్రు పెడుతూ ఉండేది. నిలబెట్టిన బండ్ల ఇంజన్లు ఆపాలని సైటువాళ్ళు కొత్త రూలు పెట్టారు. అప్పటినుంచే తోపుడు మొదలైంది.

ట్రాన్స్‌పోర్టు ఇన్‌చార్జి మూర్తి కాకినాడ మనిషి. చెడ్డవాడు కాదు. ఇరవై బస్సులు, అందులో సగం ముసలివి, పైన ఒక ముదీర్, అంటే అరబ్బు మేనేజరు. కంప్లయింటు వచ్చిన ప్రతిసారీ స్టార్టరు విప్పించి ముందున్న చిన్న చక్రం ఒక్కటే మార్పించేవాడు. అది గంట పని. పెద్ద చక్రం మార్చాలంటే గేరుబాక్సు మొత్తం దింపాలి, రెండు రోజులు బండి నిలబడాలి. సనయ్యాలో, అంటే వర్క్‌షాపుల పేటలో, గారేజీ నడిపే రాయచోటి చాంద్ బాషా రెండోసారి చిన్న చక్రం బిగిస్తూ నవ్వాడు.

"పండ్లూడిన ముసిలోనికి కొత్త పెండ్లామన్నా ఇది. ఎందరిని తెచ్చినా వాని నోట్లో పడి అరిగిపోవాల్సిందే."

"పెండ్లికొడుకుని మార్చమని మా ఆఫీసోళ్ళకి జెప్పు," అన్నాడు మీరా హుస్సేన్.

"నేను జెప్తే పని కోసం జెప్తాండాడంటారు. నువ్వు జెప్పు."

ఆయన చెప్పాడు. మూర్తి విన్నాడు. విని అన్న మాట ఒకటే: "రోజూ స్టార్ట్ అవుతోంది కదా భాయ్. ఒక్కరోజైనా లేటొచ్చిందా? మీ చేతిలో ఉన్నంతకాలం దానికేం కాదండీ."

అది పొగడ్తే. మీరా హుస్సేన్ ఆ పూట నవ్వుతూనే ఆఫీసు మెట్లు దిగాడు.

ఆగస్టు వచ్చేసరికి జానెడు చాలడం మానేసింది. జానెడు జానెడుగా మంచి పళ్ళన్నీ కూడా అయిపోయాయి. ఇప్పుడు సగం బస్సు దిగి, బండి పరుగందుకునేదాకా రోడ్డు మీద తొయ్యాలి. అప్పుడు డ్రైవరు క్లచ్చి వదిలితే, తిరుగుతున్న చక్రాల బలానికి ఇంజను లేస్తుంది. పగలంతా ఇనుప చువ్వలు మోసినవాళ్ళు, సాయంత్రం కూడా చల్లారని గాలిలో, అరచేతులు కాలే రేకు మీద చేతులు పెట్టి తోసేవాళ్ళు. "ఐలెస్సా" అనడం మానేశారు. ఊపిరి ఆదా.

ఒక బుధవారం సైటు గేటు బయట బండి ఉన్నట్టుండి అందుకుని ముందుకు ఎగిరింది. మీరా హుస్సేన్ కళ్ళు అద్దంలోనే ఉన్నాయి. వెనక తోస్తున్న తలలు కనిపిస్తున్నాయి. వాటిలో ఒకటి కనిపించడం లేదు. అదే అద్దంలో వెనకనుంచి ఒక కాంక్రీటు మిక్సరు లారీ వస్తోంది. ఆయన బ్రేకు తొక్కలేదు. తొక్కితే వెనకవాళ్ళు వచ్చి బస్సుకు కొట్టుకుంటారు. పొడుగ్గా హారను కొట్టాడు. మిక్సరు లారీ పెద్ద చప్పుడుతో ఆగింది.

పడింది రాజబాబు. అమలాపురం దగ్గరివాడు, కడ్డీలు కట్టే పని. బస్సు ఆపి మీరా హుస్సేన్ పరిగెత్తి వెళ్ళేసరికి వాడే లేచి కూర్చున్నాడు. రెండు అరచేతుల చర్మం రోడ్డు మీద ఉండిపోయింది. తలకూ లారీ ముందు చక్రానికీ మధ్య ఒక మనిషి కూర్చునేంత చోటుంది.

"ఆయ్, ఏం కాలేదండి బాబాయ్. మీరు ఎక్కండి, బండి మళ్ళీ ఆగిపోద్ది," అన్నాడు రాజబాబు.

ఇంజను ఆగిపోతుందని వాడి భయం. మీరా హుస్సేన్ క్యాంపులో బండి నిలబెట్టి నేరుగా ఆఫీసుకు వెళ్ళాడు.

మూర్తి మొహం పాలిపోయింది. "దెబ్బలు గట్టిగా తగిలాయా? క్లినిక్‌కి పంపారా?" అని మొదట అదే అడిగాడు. తరవాత తలుపు వేసి వచ్చాడు. "రిపోర్టు రాస్తే ముందు మీ లైసెన్సు మీదకొస్తుంది భాయ్. బండి కదుల్తుండగా మనుషులు రోడ్డు మీదున్నారు. రేపు వెల్డర్ని పంపిస్తా. స్టార్టరు తీసి, ఆ బొక్కలోంచే అరిగిన పళ్ళ మీద వెల్డింగు నింపేస్తాడు. బండి ఆపక్కర్లేదు."

"వెల్డింగు నిలబడదు సార్. కొత్త చక్రం ఎయ్యండి."

"రెండు రోజులు బండి నిలబెడితే ఆ నలభై మందిని దేనిమీద పంపను? ఇన్నాళ్ళూ నడిచింది కదా!"

"అది నడవలా సార్. నేను నడిపినా."

మూర్తి కాసేపు పేపరువెయిట్ తిప్పాడు. "వచ్చే నెల మీ వీసా రెన్యూవలు. అరవై దాటినవాళ్ళకి ముదీర్ ఒక్కొక్కరి ఫైలూ తెప్పించుకుని చూస్తున్నాడు. ఈ టైములో గొడవెందుకు? మీ మంచికే చెప్తున్నాను."

మీరా హుస్సేన్‌కు ఇంకో రెండేళ్ళు కావాలి. చిన్నమ్మాయి సమీనా నర్సింగులో ఉంది. ఆ చదువు పూర్తయ్యేదాకా ఇక్కడే ఉండాలని లెక్క. ఆ సంగతి మూర్తికి తెలుసు. గదికి వెళ్ళి నెల్లూరు కోటమిట్టలో ఉన్న భార్యకు ఫోను చేశాడు. అక్తర్ బీ అంతా విన్నది.

"అందరూ తోస్తానే ఉండారు గదా, ఇంకో నెల తొయ్యనీ. సంతకం పడినాక నీ ఇష్టం వచ్చినట్టు కొట్లాడుకో," అన్నది.

"పడిపోయినోడు లేచి నన్ను ఎక్కమంటుండాడే. బండి ఆగిపోద్దంట."

"నువ్వు చెప్తే వినే రకమా. అన్నం తిన్నావా?" అని ఫోను పెట్టేసింది.

మర్నాడు పొద్దున క్యాంపు ముందు బస్సులన్నీ వరసగా లేస్తున్నాయి. పధ్నాలుగో నంబరులో మీరా హుస్సేన్ తాళం తిప్పాడు. గీకుడు చప్పుడు. ఇంకోసారి తిప్పాడు. అదే. వెనక మనుషులు అలవాటుగా లేచి దిగడం మొదలుపెట్టారు. ఆయన తాళం తీసి జేబులో వేసుకుని, దిగి, బస్సు వెనక్కి వెళ్ళి దానికి వీపు ఆనించి నిలబడ్డాడు.

"తొయ్యబాకండి. ఎక్కి కూర్చోండి."

"ఏమైంది చాచా?" అన్నాడు లింబాద్రి. నిజామాబాదు వైపు మనిషి, ఆ బస్సులో అందరికంటే పెద్ద గొంతు అతనిది.

"ఏం గాలా. ఇయ్యాల్టి నించి ఈ బండిని ఎవురూ తొయ్యరు. తాళంతో లేస్తే పోతాది. లేకుంటే లేదు."

"గట్లంటె ఎట్ల చాచా? అందరి బస్సులు వోతున్నయి. మాకు ఆప్సెంట్ వడ్తది. నీ పంచాది ఆఫీసోళ్ళతోని, మా కడుపు గొడ్తవేంది?"

"నిన్న అద్దంలో నేను జూసినా లింబాద్రీ. నువ్వు జూళ్ళా."

"చూసినవ్ మంచిదే. జర పక్కకు జరుగు. నువ్వు గూసోకుంటె ఇంకో డ్రైవర్ను విలుస్తం."

నలుగురైదుగురు అవునవునన్నారు. ఒకడు ముందుకొచ్చి బస్సు రేకు మీద, మీరా హుస్సేన్ భుజం పక్కనే, చెయ్యి వేశాడు. ఆయన కదల్లేదు. ఈ మనుషుల కోసం నిలబడితే వాళ్ళే తిరగబడతారని ఆయన రాత్రి అనుకోలేదు. చెమట ముక్కు మీదికి కారుతున్నా తుడుచుకోలేదు.

అప్పుడే మూర్తి కారు వచ్చింది. దిగుతూనే సంగతి అర్థమైంది అతనికి. "హుస్సేన్ భాయ్, తాళం ఇవ్వండి. ఏంటిది, పెద్దమనిషి చేసే పనేనా? వెల్డరు మధ్యాహ్నం వస్తాడు. ఈ ఒక్క పూటా తోసేద్దాం. రండయ్యా, యల్లా, యల్లా!"

మనుషులు బస్సు వెనక చేరబోయారు. రాజబాబు చేరలేదు. రెండు చేతులకూ తెల్లటి కట్లతో పక్కన నిలబడి ఉన్నాడు.

"నువ్వు తొయ్యక్కర్లేదులే, ఎక్కి కూర్చో," అన్నాడు మూర్తి, కొంచెం మెత్తగా.

"ఆయ్. కూర్చుంటానండి," అని రాజబాబు బస్సెక్కాడు. మోచేత్తో కడ్డీ పట్టుకుని ఎక్కడం కష్టమైంది. ఎక్కి, కిటికీలోంచి తల బయటపెట్టి, ఎవరినీ ప్రత్యేకంగా చూడకుండా అన్నాడు: "నిన్న నేను పడ్డానండి. ఇయ్యాళ ఎవరి వంతండి?"

లింబాద్రి నేలమీద ఉమ్మి, మీరా హుస్సేన్ వంక కోపంగా చూశాడు. "ఆప్సెంట్ వడితె నీ పేరే జెప్త చాచా," అన్నాడు. అని, తలుపు వైపు నడిచి, బస్సెక్కి కూర్చున్నాడు. అతని వెనక ఇంకొకడు. తరవాత అందరూ. నలభై మంది కదలని బస్సులో ఎవరి సీట్లలో వాళ్ళు, అన్నం డబ్బాలు ఒళ్ళో పెట్టుకుని, ఎదురుగా చూస్తూ కూర్చున్నారు.

మూర్తి ఫోను తీసుకుని దూరంగా వెళ్ళాడు. అరబ్బీ సగం, ఇంగ్లీషు సగం మాట్లాడి వచ్చాడు. గంటకు బాడుగ బస్సు వచ్చింది. పధ్నాలుగో నంబరును లాక్కుపోయే బండి దాని వెనకే వచ్చింది.

చాంద్ బాషా గారేజీలో మీరా హుస్సేన్ కూర్చోలేదు. "గేరుబాక్సు దింపబ్బా," అన్నాడు రాగానే.

"ఆఫీసోళ్ళు జెప్పినారా?"

"నేను మాట్లాడుకుంటా. నువ్వు దింపు."

మధ్యాహ్నానికి పెద్ద చక్రం బల్ల మీదికి వచ్చింది. దాని చుట్టూ పళ్ళున్న భాగం విడిగా ఒక ఉక్కు కట్టు. ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా వేసినట్టు, కాల్చి, వ్యాకోచించాక తొడిగి, చల్లారనిస్తే అది బిగుసుకుంటుంది. ముందువైపు పళ్ళు చీకిన తాటిటెంక మొనల్లా ఉన్నాయి. చాంద్ బాషా వంగి చూసి, "ఒక పని జేస్తామన్నా," అన్నాడు. "దీన్ని కాల్చి ఊడదీసి, తిరగేసి తొడుగుతా. వెనకపక్క పండ్లు కొత్తయ్యే ఉంటాయి గదా. ఇంకో రెండు మూడేండ్లు..."

అంటూనే కట్టు వెనకవైపు వేలుతో తడిమి ఆగిపోయాడు. అటువైపు పళ్ళు కూడా అలాగే ఉన్నాయి.

"దీన్ని ఎవుడో ముందే తిప్పినాడే!"

"ఎవుడో కాదు. నేనే తిప్పించినా," అన్నాడు మీరా హుస్సేన్. "కరోనాకి ముందు, క్లచ్చి మార్చేదానికి దింపినప్పుడు. కొత్తది రావాలంటే బండి ఇంకో దినం ఆగాలన్నారు. ఆపకుండా పని జరిపించినానని ముదీర్ అప్పుడు భుజం తట్టినాడు. నేను మరిచేపోయినా."

చాంద్ బాషా ఫోను మోగింది. మూర్తి. చాంద్ బాషా స్పీకరులో పెట్టాడు.

"గేరుబాక్సు ఎవరు దింపమన్నారండీ? సరే, దింపారు. కొత్తది వద్దు. ఉన్న పళ్ళమీదే వెల్డింగు నింపి, గ్రైండింగు చేసి ఎక్కించెయ్యండి. ముదీర్ సాయంత్రానికి బండి కావాలంటున్నాడు. ఖలాస్."

ఫోను ఆగిపోయింది. చాంద్ బాషా చేతులు తుడుచుకున్నాడు. "నెల నిలబడితే గొప్ప. విరిగిన ముక్క లోపల పడితే ఇంకా నష్టం. అయినా నాకేమన్నా, జేయమంటే జేస్తా. మీ కంపెనీ బండ్లతోనే నా పొయ్యి మండతాండాది."

"వెల్డింగు పెట్టేదానికి కట్టు ఊడదియ్యాల్నా?"

"తీస్తేనే పని నీటుగా వస్తాది. కాల్చి తీస్తా, మళ్ళా తొడుగుతా."

"కాల్చకుండా తియ్యాలంటే?"

"ఉలి పెట్టి కొట్టి పగలదీయాల. అప్పుడది ఇంగ పనికి రాదు, కొత్తదే." చెప్పాక చాంద్ బాషాకు అర్థమైంది. "అన్నా, వద్దు. నా గారేజీలో వద్దు."

"నీ చెయ్యి పెట్టబాక. ఆ పక్కకి తిరిగి చాయ్ తాగు."

మీరా హుస్సేన్ బల్ల మీది ఉలి తీసుకున్నాడు. రెండు పళ్ళ మధ్య సందులో మొన ఆనించి సుత్తి ఎత్తాడు. మొదటి దెబ్బ జారిపోయింది. ఎంత పాతదైనా ఉక్కు ఉక్కే. రెండోది, మూడోది. పక్క షెడ్డులో పనివాళ్ళు తలలు తిప్పి చూశారు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. జీవితమంతా ఏ ఇనుప ముక్కనూ ఆయన పగలగొట్టలేదు. విరిగినవి అతికించాడు, అరిగినవి తిప్పాడు, జారినవి కట్టాడు. ఇంకో దెబ్బకు కట్టు టంగుమని విచ్చుకుని, చక్రం మీదనుంచి వదులై పక్కకు ఒరిగింది.

ఆయనే మూర్తికి ఫోను చేశాడు.

"సార్, చక్రం కట్టు పగిలిపోయింది."

"పగిలిందా, పగలగొట్టారా?"

పగిలిందని చెప్పి ఊరుకోవచ్చు. చాంద్ బాషా చాయ్ గ్లాసు పట్టుకుని అదే చెప్పమని తల ఊపుతున్నాడు.

"పగలగొట్టినా," అన్నాడు మీరా హుస్సేన్. "కొత్తది తెప్పించండి సార్."

కొత్త కట్టు షార్జా నుంచి వచ్చింది. చాంద్ బాషా దాన్ని నీలిరంగు తిరిగేదాకా కాల్చి చక్రం మీద వదిలితే, కొట్టే పని లేకుండా దానంతటదే జారి కూర్చుంది. రెండు రోజుల తరవాత క్యాంపు ముందు మీరా హుస్సేన్ తాళం ఒక్కసారి తిప్పాడు. గీకుడు లేదు. ఇంజను వెంటనే అందుకుంది. అద్దంలో చూస్తే వెనక సీట్లవాళ్ళు అప్పటికే సగం లేచి ఉన్నారు.

"కూర్చోండి," అన్నాడు.

"కొత్త పెండ్లికొడుకు మస్తున్నడు చాచా," అని అరిచాడు లింబాద్రి. చాంద్ బాషా మాట బస్సులో ఎప్పుడో పాకింది. బస్సు నవ్వింది. బండి కదలని ఆ రోజుకు ఆప్సెంటు పడింది అందరికీ. ఆ సంగతి అతను మానకుండా వారమంతా ఎత్తి చూపుతూనే ఉన్నాడు.

వీసా నెలలో మూర్తి ఆఫీసుకు పిలిచాడు. ఈసారి తలుపు వెయ్యలేదు. "ముదీర్ సంతకం పెట్టలేదు భాయ్. అరవై దాటింది కదా అన్నాడు, అంతే. నేను మీ మీద ఒక్క మాట చెప్పలేదు. నమ్మండి."

"నమ్ముతా సార్. మీరు ఒక్క మాట కూడా చెప్పలా."

మూర్తి తల దించుకున్నాడు. మీరా హుస్సేన్ సలాం చెప్పి బయటికొచ్చాడు. అక్తర్ బీకి ఫోను చేస్తే, ఆమె ముందు తిట్టింది. తరవాత, "ఈడ కాలేజీ బస్సులు లేవా? వచ్చెయ్. ఆ తోపుడు బండి కన్నా బాగానే ఉంటాయి," అన్నది. సమీనా పక్కనుంచి ఏదో అంటుంటే, "నువ్వు గమ్మునుండు, మీ నాయన పగలగొట్టింది చక్రమే, కొంప కాదు," అన్నది.

బండి అప్పజెప్పే రోజున కొత్త డ్రైవరు సుజిత్ వచ్చాడు. విజయనగరం వైపు వాడు, షార్జాలో నీళ్ళ ట్యాంకరు నడిపినవాడు. సీటు సర్దుకుని, అద్దాలు తిప్పుకుని అడిగాడు. "గురువుగారూ, ఈ బండికేవో కిటుకులున్నాయట కదండీ. మీకే తెలుసంటన్నారు. చెప్పేసి వెళ్ళండి."

గేరులో ఉంచి జరపడం, ఇంజను వేడెక్కితే ఆ వేడి లాగడానికి హీటరు తెరవడం, గాలితో నడిచే తలుపు మొరాయిస్తే ఎక్కడ తట్టాలో, అన్నీ మీరా హుస్సేన్ నాలుక మీదికి వచ్చాయి.

"ఏ కిటుకూ లేదబ్బయా," అన్నాడు. "తాళం తిప్పితే లేస్తాది. లేవకపోతే ఆఫీసుకి ఫోన్ జేసి గమ్మున కూర్చో."

"మరి వెనకాల మనుషులో?"

మీరా హుస్సేన్ తాళం అతని చేతిలో పెట్టాడు.

"వాళ్ళూ కూర్చుంటారు. ఒకసారి కూర్చున్నోళ్ళేగా."